పి.టి. ఉష గురించి బడి పిల్లలకు చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వర్ధన్నపేట_పీఈటీ
శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా బడిలో జోనల్ పోటీలకు ఆడపిల్లలను తయారు చేస్తున్నాను. సాయంత్రం పరుగు ముగిశాక, వాళ్లు చెప్పులు వెతుక్కుని ఇళ్లకు బయలుదేరే లోపు, ఒక క్రీడాకారిణి గురించి పావుగంట చెప్పడం అలవాటు చేశాను. వచ్చే వారం పి.టి. ఉష వంతు. వివరాల కోసం కూర్చుంటే ఎక్కడ చూసినా అదే ముక్క: 1984, లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్, 400 మీటర్ల హర్డిల్స్ (అడ్డుకర్రల మీదుగా పరుగు), సెకనులో నూరో వంతు, చేజారిన పతకం. ఇరవై ఏళ్ల పరుగును ఒక్క సాయంత్రానికి కుదించేశారు. పన్నెండేళ్ల పిల్లకు మొట్టమొదటగా పోయిన పతకం గురించి చెబితే ఏం ఎక్కుతుంది? మా పిల్లల్లో ఒకమ్మాయి మాత్రం "పరుగుల రాణి" అని చెప్పింది, అదీ జనరల్ నాలెడ్జి పుస్తకంలో బట్టీ పట్టి. మిగతావాళ్లకు పేరు కూడా తెలియదు. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

ఖిలా_కుర్రాడు
శనివారం, రాత్రి 8:58

మేడం, నా మాట కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి. నాలుగో స్థానం నాలుగో స్థానమే. మనవాళ్లకు ఓటమికి దండలు వేయడం బాగా అలవాటు. 1960లో రోమ్‌లో మిల్ఖా సింగ్ నాలుగు, 1984లో ఉష నాలుగు, ఆ రెండింటి చుట్టూ ఇన్నేళ్లుగా ఒకటే భజన. టోక్యోలో నీరజ్ చోప్రా స్వర్ణం గెలిచాక కూడా ఇంకా ఆ పాత పాటేనా? పిల్లలకు గెలిచినవాళ్ల గురించి చెప్పండి.

కాజీపేట_జంక్షన్
శనివారం, రాత్రి 9:20

తమ్ముడూ, ఉష గెలవలేదని నీకెవరు చెప్పారు? 1985 జకార్తా ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ లెక్క ఒకసారి తీసి చూడు. 100 మీటర్లలో స్వర్ణం. 200లో స్వర్ణం. 400లో స్వర్ణం. 400 హర్డిల్స్‌లో స్వర్ణం. 4×400 రిలేలో స్వర్ణం. ఇవి చాలవన్నట్టు 4×100 రిలేలో కాంస్యం. ఒకే మనిషి, ఒకే పోటీలో, అయిదు రోజుల్లో. ఫైనళ్లకు ముందు హీట్స్ (తొలి వడపోత పరుగులు) కూడా పరుగెత్తాలి, అవి పతకాల పట్టికలో కనబడవు. వంద మీటర్లకు కావలసిన ఒళ్లు వేరు, నాలుగు వందల హర్డిల్స్‌కు కావలసిన ఒళ్లు వేరు. ఆ రెండింటినీ ఒకే వారంలో గెలిచిన మనిషిని ఇంకెవరినైనా చూపించు, అప్పుడు భజన గురించి మాట్లాడుకుందాం.

మరుసటి ఏడాది సియోల్ ఆసియా క్రీడలు. 200, 400, 400 హర్డిల్స్, 4×400 రిలే: నాలుగు స్వర్ణాలు. 100 మీటర్లలో ఫిలిప్పీన్స్ అమ్మాయి లిడియా డి వేగా ముందుకెళ్లింది, ఉషకు రజతం. 200లో ఆ బాకీ తీర్చేసింది. ఆ క్రీడల్లో మొత్తం భారతదేశానికి వచ్చిన స్వర్ణాలు అయిదే. నాలుగింట్లో ఉష ఉంది, అయిదోది కుస్తీలో కర్తార్ సింగ్‌ది.

నేను అప్పుడే రైల్వేలో చేరాను. ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఒక్క టీవీ ముందు డ్యూటీ దిగినవాళ్లు, ఎక్కాల్సినవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు. ఉష కూడా దక్షిణ రైల్వే ఉద్యోగి కాబట్టి మావాళ్లకు ఇంటి ఆడపడుచు గెలిచినట్టే ఉండేది. "పయ్యోలి ఎక్స్‌ప్రెస్ ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది?" అని, కేరళలోని ఆవిడ ఊరి పేరుతో వచ్చిన బిరుదు పట్టుకుని గార్డులు కూడా హాస్యమాడేవారు.

పీఈటీ మేడం, నన్నడిగితే జకార్తాతో మొదలుపెట్టండి.

గణపురం_లెక్కలు
శనివారం, రాత్రి 9:47

జకార్తా గొప్పదే, కానీ లాస్ ఏంజెలెస్‌ను పక్కన పెట్టాల్సిన పని లేదు. అంకెలతో చెబితే పిల్లలకు చక్కగా ఎక్కుతుంది. నేను మా తొమ్మిదో తరగతిలో కాలం–వేగం పాఠానికి ఇదే లెక్క ఇస్తాను.

ఆ ఫైనల్లో ఉష టైమింగ్ 55.42 సెకన్లు. మూడో స్థానంలో నిలిచిన రుమేనియా అమ్మాయి క్రిస్టియానా కొజొకారుది 55.41. నాలుగు వందల మీటర్లను 55.42తో భాగిస్తే సెకనుకు దాదాపు 7.2 మీటర్లు. అందులో నూరో వంతు అంటే 7.2 సెంటీమీటర్లు. మన పాత కొలతలో బెత్తెడు. నేను పిల్లలను బల్ల మీద నాలుగు వేళ్లు ఆనించమంటాను, "ఇంతే తేడా" అంటాను. తరగతిలో ఒక్కసారిగా గోల మొదలవుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. గీత దాటేటప్పుడు చూసేది తలనూ కాదు, కాలినీ కాదు, మొండేన్నే. అందుకే ఆరితేరినవాళ్లు చివరి అడుగులో ఛాతీని ముందుకు వంచుతారు. ఉష ఆ పని చేయకుండా నిటారుగా దాటిందని అంటారు. హర్డిల్స్‌లో అప్పటికి ఆవిడ అనుభవం చాలా తక్కువ. అసలు మహిళల 400 హర్డిల్స్‌ను ఒలింపిక్స్‌లో చేర్చిందే ఆ ఏడాది. స్వర్ణం గెలిచిన మొరాకో క్రీడాకారిణి నవాల్ అల్ ముతవకిల్ టైమింగ్ 54.61, అమెరికా జూడీ బ్రౌన్‌ది 55.20. సెమీఫైనల్లో ఉష 55.54తో తన పరుగులో మొదటి స్థానంలో నిలిచింది. గాలివాటంగా ఫైనల్‌కు చేరిన మనిషి కాదని చెప్పడానికే ఇదంతా.

ఖిలా_కుర్రాడు
శనివారం, రాత్రి 10:02

లెక్క బాగుంది సార్. కానీ సెమీస్‌లో మొదట వచ్చిన మనిషి ఫైనల్లో నాలుగో స్థానానికి ఎందుకు జారింది? దానికి జవాబు చెప్పకుండా బెత్తెడు చూపిస్తే అదృష్టం మీదికి నెట్టేసినట్టే.

కాజీపేట_జంక్షన్
శనివారం, రాత్రి 10:25

ఆ ప్రశ్నకు జవాబులు రెండు మూడున్నాయి. ఫైనల్లో ఒక అమ్మాయి తుపాకీ కంటే ముందే కదలడంతో అందరినీ వెనక్కి పిలిచి మళ్లీ మొదలుపెట్టించారు. మొదటిసారి ఉష లేచిన తీరు బ్రహ్మాండమని, రెండోసారి ఆ ఊపు రాలేదని చూసినవాళ్ల మాట. ఇక తిండి. ఒలింపిక్ గ్రామంలో తాను తినగలిగింది ఏదీ దొరక్క మామిడికాయ పచ్చడితో గంజి తాగి గడిపామని, చివరి 35 మీటర్లలో దాని దెబ్బ తెలిసిందని ఉష స్వయంగా ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. జట్టు వెంట వంటవాడు, డాక్టరు, మసాజ్ చేసేవాడు ఉండే కాలం కాదది. చివరి హర్డిల్ నుంచి గీత దాకా 40 మీటర్లుంటాయి. ఆవిడ చెప్పిన 35 మీటర్లు సరిగ్గా అక్కడివే. అదృష్టం సంగతి కాదు తమ్ముడూ, చాలావరకు కడుపు సంగతి.

పరకాల_పద్మ
ఆదివారం, ఉదయం 6:50

ఇక్కడ అందరూ టైమింగుల గురించే మాట్లాడుతున్నారు. ఆ రోజుల్లో ఆడపిల్ల పరుగెత్తడం అంటే ఏమిటో కూడా చెప్పాలి కదా.

నేను హైస్కూల్లో చదివింది సరిగ్గా ఉష పేరు మోగుతున్న రోజుల్లో. పరుగు పందెం అంటే లంగాను మోకాళ్ల దాకా ఎత్తి నడుములో దోపి, ఓణీ కొంగును బిగించి కట్టుకుని పరుగెత్తేవాళ్లం. ఒక చేత్తో లంగా జారకుండా పట్టుకోవాలి, ఇంకో చేత్తో ఊపు అందుకోవాలి. గ్రౌండు చుట్టూ మగపిల్లలు ఈలలు వేసేవారు. మా బడి పెద్దసారు "ఆడపిల్లలకు ఖోఖో చాలమ్మా" అనేవారు, చెడ్డవాడు కాదు, ఆయనకు అంతకు మించి తోచేది కాదు. సియోల్ తర్వాత పేపర్లో ఉష ఫొటో వచ్చింది. నిక్కరు, బనియను, ఛాతీ మీద నంబరు. మా నాన్న దాన్ని కత్తిరించి గోడకు అన్నం మెతుకులతో అంటించాడు. మా నాయనమ్మ వారం రోజులు ఆ గోడ వైపు చూడకుండా అన్నం తిన్నది. కానీ ఆ తర్వాతి పోటీలకు నాకు నిక్కరు కుట్టించారు, అదీ పరకాల బజారులో మగ దర్జీ దగ్గర, మా అన్న కొలతలు ఇచ్చి.

పదో తరగతి తర్వాత నా పరుగు ఆగిపోయింది. అది వేరే సంగతి. మేడం, మీ పిల్లలకు ఆ ఫొటో చూపించండి, ఇప్పటి పిల్లలకు అందులో వింతేమీ కనబడదు. ఎందుకు కనబడదో అప్పుడు చెప్పండి.

మంథని_గోదావరి
ఆదివారం, ఉదయం 8:15

పద్మ గారూ, చాలా బాగా రాశారు. దానికి ఇంకొంచెం వెనకటి కథ కలుపుతాను. ఉష మొదటిది కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లోనే మన దేశం నుంచి ఇద్దరు అమ్మాయిలు పరుగెత్తారు. ఒకరు నీలిమా ఘోష్, అప్పటికి వయసు 17. ఇంకొకరు మేరీ డిసౌజా. మేరీ అంతకుముందు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 200 మీటర్లలో కాంస్యం, 4×100 రిలేలో రజతం గెలిచింది, హాకీ కూడా ఆడేది. అయినా ఒలింపిక్స్ ప్రయాణానికి డబ్బుల్లేక మిత్రులు విరాళాలు పోగుచేయాల్సి వచ్చింది. ప్రభుత్వం ఆవిడకు ధ్యాన్‌చంద్ పురస్కారం ఇచ్చింది 2013లో, అరవై ఏళ్లు గడిచాక!

తర్వాత 1970 బ్యాంకాక్‌లో కమల్‌జీత్ సంధు 400 మీటర్లలో స్వర్ణం గెలిచింది. ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన మొదటి భారత మహిళ ఆవిడే. 1978లో 800 మీటర్లలో గీతా జుత్షీ. 1982 ఢిల్లీలో 400 హర్డిల్స్ స్వర్ణం ఎం.డి. వల్సమ్మది, ఉష అప్పటికి 100, 200లలో రెండు రజతాల దగ్గరే ఉంది. అంటే ఉష కంటే ముందే హర్డిల్స్ బాట తొక్కిన కేరళ అమ్మాయి ఇంకొకరున్నారు. లాస్ ఏంజెలెస్‌లో ఇద్దరూ వందనా రావు, షైనీ అబ్రహాంలతో కలిసి 4×400 రిలే ఫైనల్ దాకా వెళ్లి ఏడో స్థానంలో నిలిచారు. ఆ పరుగు ఎవరికీ గుర్తుండదు. నాకైతే ఉష వ్యక్తిగత ఫైనల్ కంటే అదే ఎక్కువ ఆశ్చర్యం. ఒక్క ప్రతిభావంతురాలు ఎక్కడైనా పుట్టవచ్చు, నలుగురు ఒకేసారి దొరకడం మాత్రం ఊరికే జరగదు.

కేయూ_క్యాంపస్
ఆదివారం, ఉదయం 9:05

మంథని గారు చివర అన్న మాట దగ్గరే అసలు సంగతి ఉంది. నలుగురు ఊరికే దొరకలేదు. 1976లో కేరళ ప్రభుత్వం కన్నూరులో ఆడపిల్లల కోసం స్పోర్ట్స్ డివిజన్ పెట్టింది. బడి, హాస్టల్, శిక్షణ అన్నీ ఒక్క చోట. మొదటి ఏడాది చేరిన నలభై మందిలో ఉష ఒకరు. కోచ్ ఓ.ఎం. నంబియార్, వైమానిక దళంలో పనిచేసి పాటియాలాలో శిక్షణ కోర్సు చేసి వచ్చిన మనిషి. ఒక బహుమతి ప్రదానోత్సవంలో ఆ బక్కపలుచని పిల్ల నడిచే వేగం చూసి ఆగిపోయానని ఆయనే తర్వాత చెప్పారు. పరుగు చూసి కాదు, నడక చూసి!

ఆ హాస్టల్ లేకపోతే ఉష పయ్యోలిలో పెళ్లి చేసుకుని ఉండేది, మనం ఇక్కడ ఈ చర్చ పెట్టేవాళ్లం కాదు. మన కాకతీయ విశ్వవిద్యాలయం పుట్టిందీ అదే 1976లో. ఆ ఏడాది మనకూ ఒక మంచి సంస్థ వచ్చింది, కాదనను. కానీ ఆడపిల్లల పరుగు కోసం అని ఇక్కడ ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు హకీంపేట క్రీడా పాఠశాల ఉంది, కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రాంతీయ క్రీడా పాఠశాలలు ఉన్నాయి. అవి ఎలా నడుస్తున్నాయో లోపలివాళ్లు చెప్పాలి.

మేడం, నా ఓటు కన్నూరుకు. జకార్తా, సియోల్, లాస్ ఏంజెలెస్ మూడూ అక్కడి నుంచే వచ్చాయి.

ఖిలా_కుర్రాడు
ఆదివారం, ఉదయం 9:30

ఇది ఒప్పుకోదగ్గ మాట. అయితే ఇంకో ప్రశ్న. అన్ని పోటీల్లో పరుగెత్తించడం వల్లే ఉష ఒలింపిక్ పతకం పోయిందని నా అనుమానం. 1984లో నాలుగో స్థానం వచ్చాక మిగతావన్నీ మానేసి 400 హర్డిల్స్ ఒక్కదాని మీదే కూర్చుని ఉంటే 1988లో పతకం వచ్చేది కాదా? జకార్తాలో అయిదు స్వర్ణాలు అంటున్నారు, ఆ అయిదు స్వర్ణాల కోసం కాళ్లను అరగదీసుకుంది అని నేనంటాను. అలా వాడుకున్నది కోచా, సంఘమా, ప్రభుత్వమా?

కాజీపేట_జంక్షన్
ఆదివారం, ఉదయం 10:10

మంచి ప్రశ్న. ముందే ఇలా అడిగి ఉంటే నిన్న నేను అంత గట్టిగా మాట్లాడేవాణ్ణి కాదు.

1988 సియోల్ ఒలింపిక్స్‌కు ఉష మడమ గాయంతో వెళ్లింది. హర్డిల్స్ హీట్స్‌లోనే వెనుదిరిగింది. నాలుగేళ్ల ముందు దేవత అన్న పత్రికలే అప్పుడు ఎన్ని మాటలన్నాయో నాకు గుర్తుంది. గాయానికి కారణం ఎక్కువ పరుగులే అని కచ్చితంగా చెప్పలేం కానీ, దేశంలో ఏ పతకం కావాలన్నా ఒక్క మనిషినే పిలిచే పద్ధతి మాత్రం అప్పుడుండేది. రిలేకూ ఆవిడే, వందకూ ఆవిడే, హర్డిల్స్‌కూ ఆవిడే. ఇప్పుడు కోచ్‌లు అలా చేయరు. కాకపోతే నంబియార్‌ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆయన దగ్గర ఏముంది? పయ్యోలి సముద్రపు ఇసుక, చేతిలో స్టాప్‌వాచ్. ఆ ఇసుకలో పరుగెత్తించే ఆ పిల్లను ప్రపంచంలో నాలుగో స్థానానికి తెచ్చాడు. 1985లో ద్రోణాచార్య పురస్కారం మొదలైనప్పుడు తొలిసారే ఆయనకు ఇచ్చారు. పద్మశ్రీ ఉషకు 1985లోనే వచ్చింది, ఆయనకు 2021 దాకా రాలేదు. అదే ఏడాది ఆగస్టులో పోయారు.

పరకాల_పద్మ
ఆదివారం, ఉదయం 10:32

మీరంతా 1988 దగ్గరే ఆగిపోతున్నారు. నాకు నచ్చే భాగం ఆ తర్వాతదే. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో మూడు రజతాలు గెలిచి ఇక చాలంది. 1991లో పెళ్లి, తర్వాత కొడుకు. అందరూ అయిపోయిందనుకున్నారు. మళ్లీ వచ్చింది! 1998లో ఫుకువోకా ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 34 ఏళ్ల వయసులో 200లో కాంస్యం, 400లో కాంస్యం, 4×100 రిలేలో స్వర్ణం. 34 ఏళ్లు, ఒక బిడ్డ తల్లి, రెండు వందల మీటర్లు. మా ఇంట్లో ఆ వయసుకు నన్ను "పెద్దమ్మా" అని పిలవడం మొదలుపెట్టారు. 2000లో గాని పూర్తిగా మానలేదు. ఎవరైనా ఆ ఫుకువోకా పరుగు గురించి తెలుగులో నాలుగు వాక్యాలకు మించి రాశారా?

నిర్వాహకుడు
ఆదివారం, ఉదయం 11:00

చర్చ చక్కగా నడుస్తోంది. చిన్న మనవి: ఒక సభ్యుడు ఉష రాజ్యసభ, ఒలింపిక్ సంఘం అధ్యక్ష పదవుల మీద, 2023 రెజ్లర్ల ఆందోళన సమయంలో ఆవిడ అన్న మాట మీద రాజకీయ వ్యాఖ్యలు పెట్టారు, వాటిని తొలగించాం. ఆ విషయం మీద మాట్లాడవద్దని కాదు, తిట్లు లేకుండా రాయండి.

మంథని_గోదావరి
ఆదివారం, ఉదయం 11:25

తిట్లు లేకుండా నేను రాస్తాను. లైంగిక వేధింపుల మీద న్యాయం అడుగుతూ రోడ్డు మీద కూర్చున్న రెజ్లర్ల వల్ల దేశ ప్రతిష్ఠ దెబ్బతింటోందని, అది క్రమశిక్షణ కాదని ఉష అన్నప్పుడు నాకు బాధ కలిగింది. తర్వాత జంతర్ మంతర్‌కు వెళ్లి వాళ్లను కలిసింది, అదీ నిజమే. ఒలింపిక్ సంఘానికి మొదటి మహిళా అధ్యక్షురాలు, అందులోనూ గంజి తాగి ఫైనల్ పరుగెత్తిన మనిషి, ఆ రోజు మొదట ఆడపిల్లల పక్కన నిలబడి ఉండాల్సింది. ఆవిడ పరుగు మీద నా గౌరవం దీనితో తగ్గలేదు, ఈ అసంతృప్తి కూడా తగ్గలేదు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది చెప్పాలా అంటే అక్కర్లేదు. ఇంటర్ పిల్లలకైతే తప్పక చెప్పాలి.

కల్లెడ_పక్కూరు
ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఇంతసేపూ కేరళ గురించే చదివాను, మన ఊరి పేరు ఎవరూ ఎత్తలేదేమిటని చూస్తున్నాను. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి. తల్లిదండ్రులు కూలీనాలీ చేసుకునేవాళ్లు. పిల్ల మేధోపరంగా కొంత వెనకబడి ఉందని చిన్నప్పుడు ఊళ్లో అన్న మాటలు ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అన్నవాళ్లలో మా చుట్టాలు కూడా ఉన్నారు. ఆర్‌డీఎఫ్ (రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్) పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడింది, తర్వాత కోచ్ నాగపురి రమేశ్ చేతుల్లోకి వెళ్లింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా ఛాంపియన్‌షిప్, 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి) విభాగంలో 55.07 సెకన్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం. పేరు పెట్టి వెక్కిరించిన ఊరే టపాసులు కాల్చింది.

ముఖ్యమంత్రి కోటి రూపాయలు, గ్రూప్–2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించారు. మంచిదే. కానీ పతకం వచ్చాక ఇచ్చేది వేరు, అంతకుముందు బూట్లు కొనిచ్చేది వేరు.

కేయూ_క్యాంపస్ గారు నంబియార్ నడక చూసి గుర్తుపట్టాడన్నారు కదా. ఇక్కడ కూడా మొదట గుర్తుపట్టింది ఒక బడి పీఈటీ సారే.

గణపురం_లెక్కలు
ఆదివారం, మధ్యాహ్నం 1:50

దీప్తి 55.07, ఉష 55.42. పిల్లలు వెంటనే పోలుస్తారు, ముందే జాగ్రత్తపడండి మేడం. ఉషది పది హర్డిల్స్ మీదుగా, దీప్తిది హర్డిల్స్ లేని 400, అదీ మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగంలో. పందెంలో ఎప్పుడు వేగం పెంచాలి, ఎప్పుడు కాచుకోవాలి అన్న నిర్ణయమే అక్కడ అన్నిటికంటే పెద్ద కష్టం. రెండు అంకెలూ దేని చోట అది గొప్పది.

ఉష 55.42 ఎంతకాలం నిలిచిందో మాత్రం చెప్పండి. 1984లో పెట్టిన ఆ జాతీయ రికార్డును 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో తమిళనాడు అమ్మాయి విత్యా రామ్‌రాజ్ అందుకుంది, అదీ సరిగ్గా 55.42తోనే. 39 ఏళ్లు పట్టింది, అప్పటికీ దాటలేదు, సమం చేసింది.

కేయూ_క్యాంపస్
ఆదివారం, మధ్యాహ్నం 2:20

రికార్డుల మాట వచ్చింది కాబట్టి: మన హన్మకొండలోనే ఒక జాతీయ రికార్డు బద్దలైందని మీలో ఎంతమందికి గుర్తుంది? 2021 సెప్టెంబరులో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది. కొత్త సింథటిక్ ట్రాక్. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించింది. అంతకుముందు రికార్డు 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో సునీతా రాణి పెట్టిన 4:06.03. ఆ బుసాన్ క్రీడల్లోనే హర్మిలన్ తల్లి మాధురి 800 మీటర్లలో రజతం గెలిచింది. పందొమ్మిదేళ్ల రికార్డు పోయిన ఆ ట్రాక్ వర్ధన్నపేటకు బస్సు దూరంలోనే ఉంది. మేడం, పిల్లలను ఒక్కసారి అక్కడికి తీసుకెళ్లి మొదటి లేన్‌లో నిలబెట్టండి. మట్టి గ్రౌండుకు, ఆ ట్రాక్‌కు తేడా పాదానికి తెలుస్తుంది.

వర్ధన్నపేట_పీఈటీ
ఆదివారం, సాయంత్రం 5:30

అందరికీ ధన్యవాదాలు. ఇంత వస్తుందనుకోలేదు. ఒక నిర్ణయానికి వచ్చాను. ఉష నాలుగో తరగతిలో ఉన్నప్పుడు తనకంటే మూడేళ్లు పెద్దదైన ఛాంపియన్‌తో వ్యాయామ ఉపాధ్యాయుడు పందెం పెట్టిస్తే గెలిచిందని చదివాను. అక్కడ మొదలుపెడతాను. మా పిల్లల్లో కూడా ఒక చిన్నది పెద్దవాళ్లను దాటుతోంది, ఆ పిల్లకు విడమరిచి చెప్పకుండానే అర్థమవుతుంది. అక్కడి నుంచి కన్నూరు హాస్టల్, ఆ తర్వాత జకార్తా. లాస్ ఏంజెలెస్ చివర, బెత్తెడు లెక్కతో. పద్మ గారి నిక్కరు కథ కూడా చెబుతాను, పేరు లేకుండా.

రెండు సహాయాలు కావాలి. సియోల్ ఆసియా క్రీడల నాటి తెలుగు పేపరు కత్తిరింపులు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? ఇంకొకటి, పిల్లలు ఉష గురించి విన్నాక తప్పకుండా హర్డిల్స్ అడుగుతారు. మా బడిలో ఒక్కటీ లేదు. దేనితో మొదలుపెట్టించాలి?

కాజీపేట_జంక్షన్
ఆదివారం, సాయంత్రం 6:05

కత్తిరింపులు నా దగ్గర ఉన్నాయి, 1986 సెప్టెంబరు, అక్టోబరువి. కొన్ని చెదలు తిన్నాయి కానీ ఉష ఫొటోలు బాగానే ఉన్నాయి. ఫొటో తీసి పంపితే అక్షరాలు కనబడవు, కాబట్టి బుధవారం తర్వాత ఎప్పుడైనా కాజీపేట వచ్చి తీసుకెళ్లండి, జిరాక్స్ తీసుకుని తిరిగివ్వండి.

హర్డిల్స్‌కు మొదట పెద్ద ఎత్తు వద్దు. మహిళల 400 హర్డిల్స్ అసలు ఎత్తు 76.2 సెంటీమీటర్లు, కొత్త పిల్లలు దాన్ని చూస్తేనే బెదిరి దూకుతారు. దూకడం అలవాటైతే తర్వాత మాన్పించలేరు. రెండు ఇటుకల మీద పలుచని వెదురు కర్ర ఊరికే ఆనించండి, కట్టవద్దు, తగిలితే పడిపోవాలి. మోకాలి కంటే కిందే ఉంచండి. ఎత్తు సంగతి తర్వాత, ముందు అడుగుల లెక్క కుదరాలి: రెండు కర్రల మధ్య ప్రతిసారీ అన్నే అడుగులు, ఎప్పుడూ ఒకే కాలు ముందు. సున్నంతో నేల మీద అడుగుల గుర్తులు వేస్తే త్వరగా వస్తుంది.

పరకాల_పద్మ
ఆదివారం, సాయంత్రం 6:20

పేరు పెట్టే చెప్పండి మేడం, నాకేమీ అభ్యంతరం లేదు. కుదిరితే ఆ రోజు నేనూ వస్తాను. పరకాల నుంచి ఎన్ని గంటలకు బయలుదేరాలో చెబితే చాలు.